పోపుల డబ్బా దాటితే వైద్యుణ్ణి అడగాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొద్దుటి నుంచి లెక్కలు విన్నారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అని అన్నీ చదివారు. ఇప్పుడు మేము చెప్పబోయేది కూడా ఒక లెక్కే. కాకపోతే ఇది ఒంటి లెక్క. భోజనాల వేళ అయిందని మాకూ తెలుసు. అయినా కాస్త ఓపిక పట్టి వినండి. ఎందుకంటే ఈ లెక్కలో నిరుడు మనమంతా కలిసి ఒక తప్పు చేశాం.

నిరుడు ఉగాదికి ముందు మాట. ఒకావిడ మన సంఘాల మీటింగులకు వచ్చింది. మాట మంచి మాట, మనిషి మంచి మనిషిలాగే ఉంది. "చలికాలమంతా ఒంట్లో కఫం పేరుకుంటుందమ్మా, వసంతం రాగానే అది కరుగుతుంది. ఇప్పుడే ఒళ్లు శుద్ధి చేసుకోవాలి, ఆయుర్వేదంలో రాసి ఉంది" అని చెప్పింది. నలభై రోజుల పొడి ప్యాకెట్లు చూపించింది. ఒక్క సంఘంలోనే నలుగురు కొన్నారు. చేతిలో డబ్బు లేనివాళ్లకు మన అంతర్గత అప్పు నుంచే ఇచ్చాం. మినిట్స్ పుస్తకంలో "ఆరోగ్య ఖర్చు" అని రాసి అందరం సంతకాలు పెట్టాం.

కొన్నవాళ్లలో ఒక అక్క ఆరేళ్లుగా సుగర్ మాత్రలు వేసుకుంటోంది. "ఈ పొడి వాడినన్నాళ్లూ ఇంగ్లీషు మాత్రలు ఆపెయ్యాలి, లేకపోతే ఇది పనిచెయ్యదు" అన్నారు. ఆమె ఆపేసింది. మూడో వారంలో కాలి వేలి సందున చిన్న పుండు లేచింది. చెరువు పట్టుబడి రోజులు, నీళ్లలో నిలబడి పనిచేశాం కదా, అందుకే అనుకుంది. పసుపు అద్దింది, వేపాకు నూరి కట్టింది. ఆస్పత్రికి వెళ్లేసరికి సుగర్ ఎక్కడికో పోయింది. రెండు వేళ్లు తీసేశారు. ఆ ఖర్చుకు రెండో అప్పు ఇచ్చింది కూడా మన సంఘమే.

ఆ అక్క ఇవాళ ఈ సభలోనే ఉంది. పేరు చెప్పవద్దంది, సంగతి మాత్రం అందరికీ చెప్పమంది. అందుకే చెబుతున్నాం.

ఆమె తప్పు కాదమ్మా అది. అమ్మిన మనిషి ఒక్కతే చేసిన తప్పూ కాదు. ఆవిడ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం విని మిగతా సగం నమ్మేశాం. కాబట్టి ఈ ఏడు ఉగాదికి ముందే ఏది నిజం, ఏది కాదు, మన పెరట్లో ఏముంది, ఎంతవరకు వాడుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది తెలుసుకుందాం అనుకున్నాం.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం.

ఆయుర్వేదంలో ఏడాదికి ఆరు ఋతువులు, ఏ ఋతువులో ఎలా తినాలో, ఎలా మెలగాలో దానికి ఋతుచర్య అని పేరు. చరక సంహితలో ఉంది, వాగ్భటుడు రాసిన అష్టాంగ హృదయంలో ఉంది. చైత్రం, వైశాఖం కలిపి వసంత ఋతువు. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా ఎండలో పెడితే ఎలా కరుగుతుందో, చలికి పేరుకున్న కఫం ఎండ ముదరగానే అలా కరుగుతుందని పెద్దలు చెప్పారు. అలా కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందట. అంటే ఆకలి తగ్గడం, ఒళ్లు బరువెక్కడం, బద్ధకం, జలుబు, గొంతులో తెమడ. ఇవన్నీ ఫాల్గుణం చివర్లో మనకు తెలిసినవే. రాత్రి చలి, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ. ఇంట్లో ఒకరు తుమ్మితే వారం లోపల అందరూ తుమ్ముతారు.

మరి ఏం చెయ్యమన్నారు? తేలికగా అరిగేవి తినమన్నారు. పాత గోధుమలు, పాత యవలు, అంటే మన కిరాణా కొట్లో దొరికే బార్లీ. చేదు, కారం, వగరు కాస్త పెంచమన్నారు. తీపి, పులుపు, నూనె బరువు తగ్గించమన్నారు. శొంఠి వేసి కాచిన నీళ్లు, తుంగముస్తలు వేసి కాచిన నీళ్లు తాగమన్నారు. ఒంటికి శ్రమ ఉండాలన్నారు. పగటి నిద్ర వద్దన్నారు.

ఈ చివరి రెండూ మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, రొయ్యల షెడ్డుకో, చేపల ప్యాకింగుకో, దాళ్వా కోతకో పోయే మనకు పగటి నిద్ర ఎక్కడిది! ఆ శాస్త్రం రాసినవాళ్లు మనల్ని చూసి ఉంటే "కాసేపు నడుం వాల్చండమ్మా" అని రాసేవాళ్లేమో.

వసంతంలో వమనం లాంటి శోధన చికిత్సలు కూడా చెప్పారు, అదీ నిజమే. కానీ అవి వైద్యుడు నాడి చూసి, మనిషి బలం చూసి, దగ్గరుండి చేయించేవి. ప్యాకెట్లో పోసి మీటింగులో అమ్మేవి కావు. ఆవిడ చెప్పని సగం ఇదే.

ఇక మన ఇంట్లో ఏముందో చూసుకుందాం. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని సామెత. అది చెట్టును తిట్టిన సామెత కాదమ్మా, మన చూపును తిట్టిన సామెత. దగ్గరున్నదాన్ని లెక్కచెయ్యం, దూరం నుంచి వచ్చినదానికి అప్పు చేస్తాం.

మన కొల్లేటి ఊళ్లలో ఫాల్గుణం అంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. అమ్మవారిని చూసుకుని ఇంటికొచ్చేసరికి వేపచెట్టు పూత మీద ఉంటుంది. చింతచెట్టు చిగురేస్తుంది. మామిడి పిందె పడుతుంది. ఉగాది పచ్చడికి కావలసినవన్నీ ఆ పదిహేను రోజుల్లోనే వస్తాయి. వేపపువ్వు చేదు, మామిడికాయ వగరు, కొత్త చింతపండు పులుపు, కొత్త బెల్లం తీపి, మిరియమో పచ్చిమిరపో కారం, ఇంకా ఉప్పు. ఆరు రుచులూ ఒక్క గిన్నెలో. ఏడాదికి ఒక్క రోజు గుటుక్కున మింగి "అమ్మయ్య" అనుకుంటున్నాం. ఆ వేపపువ్వును నెల పొడుగునా కొంచెం కొంచెం వంటలో వాడేవాళ్లు మన అమ్మమ్మలు.

వేపపువ్వు ఎలా సేకరించాలో చిన్నపిల్లలకు తెలియకుండా పోతోంది, అందుకే చెబుతున్నాం. రాత్రి చెట్టు కింద ఉతికిన పాత చీర పరచండి. తెల్లారేసరికి పువ్వు రాలి ఉంటుంది. కొమ్మను మెల్లగా కదిపితే ఇంకాస్త రాలుతుంది. కాడలు, చీమలు ఏరేసి, ఒక్కసారి నీళ్లలో జాడించి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. మూడు నాలుగు రోజులకు గలగలలాడుతుంది. తడి లేని సీసాలో పోసి మూత గట్టిగా పెడితే ఏడాది ఉంటుంది. వాడేటప్పుడు ఇంటిల్లిపాదికీ కలిపి ఒక చెంచా పువ్వు చాలు. కాస్త నెయ్యిలో ఎర్రగా వేయించి చారులో వేసుకోండి, లేదా ఉప్పు కలిపి మొదటి ముద్దలో తినండి. వారానికి రెండు మూడుసార్లు చాలు.

ఒక్క జాగ్రత్త. 2021 ప్రాంతంలో మన తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండిపోవడం అందరం చూశాం. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు అని శాస్త్రవేత్తలు చెప్పారు. అలాంటి చెట్లకు కొందరు మందులు కొడుతున్నారు. మందు కొట్టిన చెట్టు పువ్వు తీసుకోకండి. ఎవరి చెట్టో అడిగి మరీ తీసుకోండి.

శొంఠి సంగతి. గ్లాసున్నర నీళ్లలో చిటికెడు శొంఠి పొడి, రెండు మిరియాలు దంచి వేసి, గ్లాసు అయ్యేదాకా మరిగించి గోరువెచ్చగా తాగండి. గొంతులో తెమడ ఉన్నప్పుడు సుఖంగా ఉంటుంది. రెండు తులసి ఆకులు వేసుకున్నా మంచిదే. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. వారం దాటినా దగ్గు తగ్గకపోతే కషాయం మార్చి చూడటం కాదు, ఆస్పత్రికి వెళ్లాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. అది క్షయ అయితే శొంఠితో పోదు, ఇంట్లో పిల్లలకు కూడా అంటుకుంటుంది. ఆ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే.

తిండి మార్పు కూడా మందే. కొత్త బియ్యం అన్నం బరువు, పాత బియ్యం తేలిక. ఇది మనకు పుస్తకం చెప్పక్కర్లేదు, వడ్లు పండించే ఊళ్లు మనవి. వసంతంలో పెరుగు వద్దన్నారు, పల్చటి మజ్జిగలో చిటికెడు శొంఠి, కరివేపాకు వేసుకుంటే చక్కగా ఉంటుంది. కందిపప్పు కన్నా పెసరపప్పు తేలిక. చేపలు కఫం పెంచుతాయని వైద్యులు చెబుతారు. అలాగని కైకలూరులో పుట్టి చేపలు మానమని ఎలా చెబుతాం! పులుసులో నూనె తగ్గించండి, మెంతులు, మిరియం వెయ్యండి, రాత్రిపూట కాకుండా మధ్యాహ్నం తినండి. చింతచిగురు, రొయ్యలు కూర కూడా అంతే. ఏడాదికి నెల రోజులే దొరుకుతుంది, తినండి. కాకపోతే పులుపు కదా, రోజూ కాదు.

ఆకుకూరల్లో పొన్నగంటి కూర, మునగాకు, తుమ్మి కూర, గలిజేరు మన వాళ్లు ఎప్పటి నుంచో తింటున్నవే. ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది.

చరకుడు పుస్తకం రాసిన నాడు కొల్లేటి చుట్టూ చేపల చెరువులు లేవు. ఇవాళ ఎటు చూసినా చెరువు గట్లే. గట్ల మీద గడ్డి పెరగకుండా గడ్డి మందు కొడతారు. చెరువుల్లో రకరకాల మందులు వేస్తారు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు డ్రైన్లలోకి వదులుతారు. ఆ డ్రైన్ గట్టు మీద పొన్నగంటి నవనవలాడుతూ కనిపిస్తుంది. పచ్చగా ఉంది కదా అని కొంగులో వేసుకొస్తాం. తుంగ గడ్డలు కూడా అంతే, ఆ బురదలోంచి తవ్వి తెస్తాం. ఎలాంటి మందైనా శుభ్రమైన నేల నుంచి తెచ్చుకోవాలని ఆయుర్వేదంలోనూ చెప్పారు. శ్మశానం దగ్గర, పాడైన నేలలో మొలిచినవి తీయవద్దన్నారు. ఆ మాటను ఇప్పుడు మనం డ్రైన్ గట్టుకు, చెరువు గట్టుకు, మెయిన్ రోడ్డు పక్కకు వర్తింపజేసుకోవాలి.

2020 డిసెంబరులో మన ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. సీసం కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, ఉడికించినా పోదు. ఏ నీళ్లలో, ఏ మట్టిలో, ఏ పొడిలో ఏముందో చూసి చెప్పలేం. కాబట్టి తెలిసిన చోటు నుంచే తెచ్చుకుందాం.

తెలిసిన చోటు అంటే మన పెరడు. స్థలం లేదంటారా? శుభ్రమైన తవుడు సంచిలో మట్టి, పేడ ఎరువు నింపితే ఒక తులసి, ఒక వాము ఆకు మొక్క, ఒక పొన్నగంటి పాదు వచ్చేస్తాయి. చెరువు మందుల సంచులు, డబ్బాలు మాత్రం ఎంత కడిగినా మొక్కలకు వాడకండి. నీళ్లు పట్టి దాచుకోవడానికి అసలే వాడకండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఏ డబ్బా దొరికితే అందులో నీళ్లు పట్టేస్తుంటాం, అందుకని గట్టిగా చెబుతున్నాం.

ఇక తిప్పతీగ. కరోనా రోజుల్లో మనం అందరం తిప్పతీగ కషాయం తాగాం. ఆయుర్వేదంలో దానికి గొప్ప పేరే ఉంది. కానీ 2021లో ముంబైలో కొందరు డాక్టర్లు, తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు చూశామని రాశారు. దాన్ని పోలిన వేరే తీగను పొరపాటున వాడి ఉండొచ్చని, అసలు తిప్పతీగ సురక్షితమేనని ఆయుష్ శాఖ చెప్పింది. డాక్టర్లు ఒప్పుకోలేదు, ఆ వాదన మనం తేల్చలేం. మనం నేర్చుకోవాల్సింది మాత్రం రెండు వైపులా ఒకటే. పోలికను చూసి తీగ కోయకూడదు. నెలల తరబడి సొంతంగా తాగకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సయించకపోయినా ఏ మూలికైనా వెంటనే ఆపి రక్త పరీక్ష చేయించుకోవాలి. డాక్టరుగారికి "ఇది తాగాను" అని దాచకుండా చెప్పాలి. తిడతారేమో అని దాస్తున్నాం. తిడితే తిట్టనివ్వండి, చెప్పకపోతే వైద్యం తప్పుదారి పడుతుంది.

అందుకే మేము ఒక కొలత పెట్టుకున్నాం. దాన్ని పోపుల డబ్బా కొలత అంటున్నాం. పోపులో, చారులో, పచ్చడిలో, కూరలో పడేంత శొంఠి, మిరియం, వాము, మెంతులు, పసుపు, కరివేపాకు, వేపపువ్వు. అది తిండి. ఇంటిల్లిపాదీ తినవచ్చు. అదే వస్తువు చెంచాలకు చెంచాలు, గ్లాసులకు గ్లాసులు, వారాల తరబడి తీసుకుంటే అది మందు. మందు అయినప్పుడు వైద్యుణ్ణి అడగాలి. ఇంతకన్నా కష్టమైన సూత్రం మేము చెప్పడం లేదు.

ఈ కొలత దాటి అసలే పోకూడనివాళ్లు కొందరున్నారు. ఇది మాత్రం మనసులో పెట్టుకోండి.

కడుపుతో ఉన్నవాళ్లు. వేపాకు రసం, కరక్కాయ, ఒళ్లు శుద్ధి చేసే ఏ పొడీ వద్దు. గర్భిణికి కరక్కాయ వద్దని ఆయుర్వేదమే చెప్పింది.

ఏడాది లోపు పిల్లలు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం, నోట్లో వేపనూనె చుక్క వెయ్యడం మనలో ఇంకా ఉంది. వేపనూనె కడుపులోకి పోతే పసిపిల్లలకు మూర్ఛలు వచ్చి ప్రాణం మీదకు వస్తుంది. ఏడాది నిండేదాకా తేనె కూడా నాకించవద్దు.

సుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు. ఇక్కడ రెండు ప్రమాదాలు. మాత్ర ఆపితే సుగర్ పెరుగుతుంది, అది మన అక్క కాలు చెప్పింది. మాత్ర వేసుకుంటూనే కాకర రసం, పొడపత్రి, మెంతి పొడి గట్టిగా తీసుకుంటే సుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. అందుకని ఏది మొదలుపెట్టినా ముందు డాక్టరుకు చెప్పండి.

బీపీ ఉన్నవాళ్లు. దగ్గుకు మంచిదని అతిమధురం నములుతూ ఉంటారు. అది ఎక్కువైతే బీపీని పెంచుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అశ్వగంధ సొంతంగా మొదలుపెట్టవద్దు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు వెల్లుల్లి, అల్లం, పసుపు కూరలో వేసుకోండి, మందులా వద్దు.

రక్తం తక్కువ ఉన్నవాళ్లు, అంటే మనలో చాలామంది. మునగాకు తినండి, మంచిదే. కానీ ఐరన్ మాత్రకు బదులు మునగాకు కాదు. మాత్ర వేసుకునే వేళకు టీ, కరక్కాయ, త్రిఫల పొడి లాంటి వగరు వస్తువులు కలపకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

వసంతంలో వచ్చే ఇంకో సంగతి ఆటలమ్మ. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, పక్క మీద వేపాకు పరిచి, చల్లగా చూసుకుంటాం. వేపాకు దురదకు హాయిగా ఉంటుంది, పిల్లాడు గోకకుండా ఉంటాడు. మండలు చూసి పక్కింటివాళ్లు రాకుండా ఉంటారు, దాంతో అంటువ్యాధీ ఆగుతుంది. మన పెద్దల పద్ధతిలో తెలివి ఉంది. కానీ దాంతోపాటు ఆశా కార్యకర్తకు కబురు చెయ్యండి. పెద్దవాళ్లకు పోసినా, ఇంట్లో గర్భిణి ఉన్నా, పిల్లాడు ఆయాసపడినా, మగతగా పడుకున్నా ఆ రోజే ఆస్పత్రి. డాక్టరు దగ్గరికి వెళితే అమ్మవారికి కోపం రాదమ్మా, బిడ్డ బాగుంటే ఏ అమ్మకైనా సంతోషమే. తట్టు రాకుండా తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, ఏడాదిన్నర వయసప్పుడు రెండోసారి టీకా వేయించడం మరిచిపోకండి.

మరి కొనాల్సి వస్తే? ఆయుర్వేదం మీద మాకు చిన్నచూపు లేదు. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడ చదువుకుని పట్టా పుచ్చుకున్న వైద్యులు ఉన్నారు. ఆయుర్వేదం కావాలనుకుంటే అలాంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి, ప్రభుత్వ ఆయుష్ దవాఖానాకు వెళ్లండి. మీరు వేసుకునే మాత్రల చీటీ పట్టుకెళ్లి చూపించండి.

ప్యాకెట్టు కొనేటప్పుడు చదువుకున్న పిల్లల చేత చదివించండి. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉందా? లైసెన్సు నంబరు ఉందా? బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా? లోపల ఏమేం కలిపారో రాశారా? ఇవేవీ లేకుండా "రహస్య మూలికలు" అని ఉంటే పక్కన పెట్టెయ్యండి. నిరుడు మనం కొన్న ప్యాకెట్ల మీద ఒక దేవుడి బొమ్మ, ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ లేవు. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

భస్మాలు, సిందూరాలు అనేవి లోహాలతో, పాదరసంతో చేసేవి. వాటిని శుద్ధి చేసే విధానం శాస్త్రంలో ఉంది, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న నియమం ఉంది. తిరునాళ్లలో గుడ్డ పరిచి అమ్మేచోట అవి కొనకండి.

ఇంకో సంగతి మీకు తెలియాలి. సుగర్ తగ్గిస్తాం, కాన్సర్ నయం చేస్తాం అని ప్రకటనలు ఇవ్వడం 1954లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఎవరైనా కరపత్రం పంచి "సుగర్ పూర్తిగా పోతుంది" అన్నారంటే వాళ్లు చట్టం దాటి మాట్లాడుతున్నారని అక్కడే తెలిసిపోతుంది. "మీ మాత్రలు ఆపెయ్యండి" అన్నారంటే ఇంకేమీ వినక్కర్లేదు, లేచి దణ్ణం పెట్టి పంపించెయ్యండి.

ఇక చివరిగా, మన సమాఖ్య చేతిలో ఉన్న పని. ఉపసంఘంలో కూర్చుని కొన్ని అనుకున్నాం. మీరు ఒప్పుకుంటే తీర్మానంగా రాద్దాం.

సంఘం మీటింగులో మందులు, పొడులు, నూనెలు ఎవరూ అమ్మకూడదు. బంధువైనా, తోటి సభ్యురాలైనా సరే. మీటింగు పొదుపుకు, అప్పుకు, మన మంచిచెడ్డలకు.

ఆరోగ్యం కోసం అప్పు అడిగితే కాదనవద్దు. కానీ ఏ ఆస్పత్రికి, ఏ వైద్యుడికి, ఏ పరీక్షకు అన్నది మినిట్స్ పుస్తకంలో రాయాలి. "ఆరోగ్య ఖర్చు" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకూడదు. ఆ ఒక్క ముక్క రాసేముందు ఒక్కరం "ఏం కొంటున్నావు అక్కా?" అని అడిగి ఉంటే ఇవాళ మన అక్క రెండు కాళ్ల మీద నిండుగా నడిచేది.

104 బండి ఊళ్లోకి వచ్చే రోజు సుగర్, బీపీ ఉన్న సభ్యులను తోడు తీసుకెళ్లే బాధ్యత ఒకరికి ఇవ్వాలి. మాత్రలు ఆపినవాళ్లు ఎవరో పక్కింటి సభ్యురాలికే ముందు తెలుస్తుంది.

ప్రతి సంఘం ఈ ఏడు వేపపువ్వు సేకరించి ఆరబెట్టాలి. ముందు మన ఇళ్లకు, పిల్లల పచ్చడికి. మిగిలితే ఉగాది ముందు బజారులో పచ్చడి సామాను కింద అమ్ముకోవచ్చు. పట్నంలో చెట్టు లేనివాళ్లు కొనుక్కుంటారు. అమ్మాలంటే ఆహార పదార్థంగా రిజిస్ట్రేషన్ చేయించుకుని, తేదీ, సంఘం పేరు రాసి అమ్ముదాం. "ఇది తింటే ఫలానా జబ్బు పోతుంది" అని మాత్రం మన ప్యాకెట్టు మీద ఒక్క అక్షరం రాయవద్దు. మనల్ని మోసం చేసిన మాట మనం ఇంకొకరికి అమ్మకూడదు.

ఇంతే మేము చెప్పదలచుకున్నది. ఈ పొద్దు ఇంటికి వెళ్లేటప్పుడు మీ వేపచెట్టు వంక ఒకసారి చూడండి, పూత వచ్చే ఉంటుంది. రాత్రికి చీర పరవండి. అలాగే గూట్లో మీ మాత్రల డబ్బా ఉంటుంది, అందులో ఎన్ని మిగిలాయో కూడా చూసుకోండి. అయిపోతుంటే రేపే తెచ్చుకోండి. రెండూ మనకు కావలసినవే. ఒకటి వంటింట్లో ఉంటుంది, ఇంకొకటి డాక్టరు రాసిచ్చిన చీటీలో ఉంటుంది. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోవద్దు.

తీర్మానాలకు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ముందు ఆ అక్కే ఎత్తుతానంటోంది.